శుచ్ ధాతువు

సింగరాచార్యులను ముట్టుకోవాలంటే వేళ చూసుకోవాలి. తెల్లవారుజామున బావి దగ్గర నీళ్లు పోసుకున్నది మొదలు గుడి తలుపులు మూసి వచ్చి భోజనం ముగించేదాకా ఆయన మడిలో ఉంటాడు. మధ్యాహ్నం మళ్లీ స్నానం, మళ్లీ తడిబట్ట, సాయంత్రం ఆరాధన. రాళ్లవాడ ఊళ్లో ఆయన నడిచే దారి పక్కన ఆరేసిన బట్టలను కూడా జనం ముందే తీసుకుపోయేవారు. చూరుకు వేలాడే గుడ్డపీలిక ఏదో భుజానికి తగిలిందని వణికించే చలిలో ఒకే పూట మూడోసారి తలస్నానం చేసిన మనిషి. ఊరు ఆ నిష్ఠకు దండం పెట్టేది. ఆ నిష్ఠకు నీళ్లు తోడి తోడి అరచేతులు కాయలు కాసింది మాత్రం ఆయన భార్య చూడమ్మకు.

ఆ ఇంట్లో ఇంకొక మనిషి ఆరేళ్ల గోపమ్మ. ముగ్గురు పుట్టి పోయాక దక్కిన పిల్ల. తండ్రి వేళలు ఆ పిల్లకు కంఠస్థం. పొద్దున ఆయన వసారాలో ఎదురొస్తే గబుక్కున గోడకు అతుక్కుపోయి, పరికిణీ కుచ్చెళ్లు కాళ్ల దగ్గరికి లాక్కొని, ఊపిరి బిగబట్టి నిలబడేది. "పో బాపు, తగుల్తలేను" అనేది పెద్ద ఆరిందాలా. ఆయన నవ్వు ఆపుకుంటూ దాటిపోయేవాడు.

దీపాలు పెట్టి, భోజనం అయ్యాక అరుగు మీద చాప పరచుకొని ఆయన "ఊఁ" అనేవాడు. అదే పిలుపు. పిల్ల పరుగున వచ్చి ఒళ్లో పడేది. పగలంతా బిగబట్టుకున్నదంతా అప్పుడు తీర్చుకునేది. ఆయన చెవులు లాగేది, నుదుటి నామం వేలితో చెరిపేది, జంధ్యం పోగులు విడదీసి మళ్లీ కలిపేది. ఆయనకు లోకంలో రెండే ఇష్టాలు: ఈ పిల్ల, సంస్కృత ధాతువులు. రెండింటినీ ఒకే ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడు. రోజుకొక ధాతువు చెప్పి, అదెక్కడ పుట్టి ఏయే మాటలైందో కథలా చెప్పేవాడు.

ఆ సాయంత్రం పిల్లే అడిగింది. "ఇయ్యాల ఏది బాపు?"

"శుచ్."

"సుచ్చు అంటె?"

మాఘమాసం కావడంతో పక్కనే కుంపటి ఉంది. ఆయన వంగి బూడిద ఊదాడు. నిప్పులు ఎర్రగా బయటపడ్డాయి. "ఇగో, ఇదే. మండుడు, మెరుసుడు. మొట్టమొదాల గా మాట మంటదే. వేదంల అగ్గిదేవున్నే శుచి అని పిలిచిండ్రు. ఆకాశంల సుక్రుడున్నడు సూడు, ఆయనకు గా పేరు గూడ గిందులకెల్లే వచ్చింది, మెరుస్తడు గద. బంగారాన్ని మంటల పెడితె మడ్డి పోతది. అందుకే మడ్డి లేనిదాన్ని శుచి అన్నరు. అదే మంట మనిషి మనుసుకు తగిలితె శోకమన్నరు."

"శోకమంటె?"

"ఏడుపు."

గోపమ్మ కాసేపు నిప్పులవైపు చూసింది. "అయితె మడి, ఏడుపు అక్కచెల్లెండ్లా?"

సింగరాచార్యులు పకపకా నవ్వాడు. పన్నెండేళ్లుగా తాను తలకిందులై పట్టుకున్న సంగతిని ఆ పిల్ల ఒక్క ముక్కలో అనేసింది. "విన్నవా, నీ బిడ్డ ఏమంటాందో!" అని లోపలికి కేకేశాడు.

అంట్లు సర్దుతున్న చూడమ్మ అక్కడి నుంచే అంది. "గా సంగతి నాకు సదువకుంటనే ఎర్క."

ఆయనకు ఆ మాట వినబడలేదు, వినబడినా ఆయన ధ్యాస అందులో లేదు. ఆయన గురువు అనంతాచార్యులు కృష్ణ ఒడ్డున ఆత్మకూరులో ఉంటాడు. దుఃఖించడానికి ఒక ధాతువు, శుభ్రపడటానికి ఇంకొకటి, రూపు ఒకటే అయినా అవి వేరువేరు అని ఆయన పాఠం. ధాతువుల పట్టికలో పెద్దలు అలాగే రెండు చోట్ల చెప్పారు. కాదు, రెండూ ఒకటే, మంటలోంచి పుట్టినవే అని శిష్యుడు ఒకప్పుడు అంటే గురువు "నీకింకా వయసు రాలేదు" అని మాట తుంచేశాడు. ఆ గురువు ఇప్పుడు ముసలి ప్రాణంతో బండి కట్టించుకొని వస్తున్నాడు. గుట్ట మీది నరసింహస్వామి కల్యాణోత్సవం రేపే మొదలు. నాలుగోనాడు గుడి మంటపంలో పండితసభ. ఆ సభలో గురువుచేత ఔననిపించుకోవాలి. సింగరాచార్యులు బతుకులో కోరుకున్న గొప్ప అదొక్కటే.

"రేపటి సంది ఐదు దినాలు నేను గుళ్లెనే ఉంట బిడ్డా. చేతికి కంకణం కడుతరు."

"పొద్దుమీకి గూడ ముట్టద్దా?"

"ముట్టద్దు. ఆరోనాడు పొద్దుగాల్ల కంకణం ఇప్పినంక నువ్వు ఎంతసేపు కూసుంటె గంతసేపు."

పిల్ల ఆ రోజు నిద్ర వచ్చేదాకా ఒళ్లోంచి దిగలేదు.

*

కంకణమంటే పసుపు పూసిన దారమే. కానీ అది కుడి మణికట్టుకు పడిందంటే ఉత్సవం ముగిసేదాకా ఆ మనిషి ఇంటివాడు కాడు. గుళ్లోనే పడక, ఒంటిపూట భోజనం. ఇంట్లో పురుడొచ్చినా చావొచ్చినా అతనికి మైల అంటదు. శాస్త్రం అతన్ని ఆ ఐదు రోజులూ చుట్టాల్లోంచి తీసేసి దేవుడి పక్కన పెడుతుంది. మంచికోసమే పెట్టి ఉంటుంది.

రెండోనాడు సింగరాచార్యులు మంటపంలో సానరాయి ముందు కూర్చుని గంధం అరగదీస్తున్నాడు. చెక్కను ఒకే దిక్కుకు తిప్పుతూ, నాలుగు చుక్కల నీళ్లు వేస్తూ, నాలుగోనాటి వాదాన్ని లోలోపల అల్లుకుంటున్నాడు. గురువు ఇలా అడుగుతాడు, తాను ఇలా చెప్తాడు. అప్పుడు కింది నుంచి కేక వినబడింది.

"అయ్యగారూ! ఓ అయ్యగారూ!"

అది ఈదమ్మ గొంతు. గుడివీధి ఊడ్చే మనిషి. ఆమె ఊడ్పు వీధి చివరి రాతికంబం దాకానే. దాన్ని దాటి గుడివైపు అడుగు పెట్టకూడదు. ఆచార్యుల ఇంట్లో పేడ తీసేదీ ఆమే, అదీ దొడ్లో పశువుల కొట్టం దాకానే. ముట్టుకోరాని మనుషులు ఆ వీధికి రెండు కొసలా ఉన్నారు. ఒకరు తగిలితే మనకు మైల, ఇంకొకరికి మనం తగిలితే వారికి మైల. ఉత్సవం రోజుల్లో ఇంటి కబురు ఈ కొస నుంచి ఆ కొసకు కేకలుగానే చేరింది.

"గోపమ్మకు ఒళ్లు కాల్తాంది! అమ్మగారు సెప్పి రమ్మన్నది!"

ఆయన గంధపు చెక్క చేతిలో పట్టుకొనే మెట్ల దగ్గరికి వచ్చాడు. "ఎప్పట్సంది?"

"నిన్న పొద్దుమీకి సంది! దగ్గు గూడ ఉన్నది!"

"నకిరేకల్ హకీంసాబును పిలిపియ్యమను! తీర్థం పంపుత, గది గూడ తాగిపియ్యమను!"

"సెప్త అయ్యగారూ!" ఈదమ్మ వెంటనే కదల్లేదు. ఆయన ఇంకేమైనా అంటాడేమోనని కంబం దగ్గరే నిలబడింది. ఆయన తిరిగి సానరాయి దగ్గరికి వచ్చాడు. జ్వరాలు రావడం, పోవడం మామూలే. తులసి వేసిన తీర్థం చిన్న చెంబులో పోసి, పూలు తెచ్చే నాగులమ్మ తీసుకుపోయేలా ఎడంగా కింద పెట్టాడు. గంధం మళ్లీ మొదలుపెట్టాడు కానీ వాదంలో ఎక్కడ ఆగాడో చప్పున గుర్తు రాలేదు.

*

మూడోనాడు మిట్టమధ్యాహ్నం చూడమ్మే వచ్చింది. పిల్ల దగ్గర నాగులమ్మను కూర్చోబెట్టి, తల కూడా దువ్వుకోకుండా గుట్ట ఎక్కింది. మెట్ల కిందే ఆగింది.

"ఎట్లున్నది?" అన్నాడాయన.

"హకీం పొట్లాలిచ్చిండు. కఫం ఛాతిలకు దిగిందన్నడు. కండ్లు తెరిస్తె మిమ్మల్నే అడుగుతాంది. ఇంటికి రమ్మంటలేను. వాకిట్ల నిలవడుండ్రి. ఒక్కపారి కండ్లవడుండ్రి."

ఆయన మణికట్టు చూసుకున్నాడు. వాకిట్లో నిలబడితే దోషం లేదు, ఎవరూ తగలకపోతే చాలు. ముందు చూడమ్మ, ఎడంగా ఆయన, వీధిలో మనుషుల్ని తప్పించుకుంటూ ఇంటికి వచ్చారు. ఆయన తడిబట్ట గాలికి ఒంటికి అతుక్కుని వణుకు పుట్టిస్తున్నది.

పిల్లను నులకమంచం మీద తలుపుకు ఎదురుగా పడుకోబెట్టారు. రెండు రోజుల్లోనే ముఖం చిక్కి కళ్లు పెద్దవయ్యాయి. ఆయనను చూడగానే ఆ కళ్లు నవ్వాయి. కంబళి కింది నుంచి రెండు చేతులూ తీసి చాచింది.

"ఎత్తుకో బాపు."

సింగరాచార్యుల చేతులు తమంతట తామే లేచాయి. మోచేతుల దాకా లేచాయి. అప్పుడు పసుపుదారం కంటబడింది.

"ఆవలెల్లుండి పొద్దుగాల్ల ఎత్తుకుంట బిడ్డా. కంకణం ఇప్పంగనే ఉరుక్కుంట వస్త. ఇప్పుడు నువ్వు తగిలితె మల్ల తానం జెయ్యాలె."

పిల్ల చేతులు ఇంకా చాచే ఉంది. "సల్లనీల్లా?"

"ఆఁ, బావినీల్లే."

గోపమ్మ ఆలోచించింది. ఆయన ఒంటిమీద తడిబట్టను, వణుకుతున్న గడ్డాన్ని చూసింది. చేతులు మెల్లగా దించి, ఒకదాని తర్వాత ఒకటి కంబళి లోపలికి దాచుకుంది. "ఒద్దు మరి" అంది.

ఆయనకు గుండె నిండినట్లయింది. ఎంత బుద్ధి, ఎంత వివేకం! తిరిగి వెళ్తుంటే చూడమ్మ వాకిలి గడప మీద నిలబడి ఆయన వీపుకేసి చూస్తూ ఉంది.  గుడికి వచ్చాక ఆయన పట్వారీతో, వచ్చిన భక్తులతో ఈ సంగతి రెండు మూడుసార్లు చెప్పుకున్నాడు. ఆరేళ్ల పిల్ల కంకణం విలువ తెలుసుకొని చేతులు వెనక్కి తీసుకుందని చెప్పాడు. విన్నవాళ్లు తలలూపి, అంతా తండ్రి పెంపకం అన్నారు. ఆ మాట ఆయనకు తియ్యగా ఉండింది.

*

నాలుగోనాడు అనంతాచార్యులు వచ్చాడు. వెనకాల ఇంకో నలుగురు పండితులు. మంటపంలో జంపఖానాలు పరచారు. పట్వారీ, ఊరి పెద్దలు ఒకవైపు కూర్చున్నారు. వాళ్లకు సంస్కృతం రాదు, అయినా ఊరి పరువు సంగతి కాబట్టి కదలకుండా కూర్చున్నారు.

పొద్దున, వాళ్లు రాకముందే రెండు కేకలు వచ్చాయి. మొదటిసారి ఈదమ్మ "పిల్ల కన్ను తెరుస్తలేదు" అంది. రెండోసారి "అమ్మగారు రమ్మంటాంది" అంది. సభ కాగానే వాకిట్లోకి వచ్చి చూస్తానని ఆయన రెండుసార్లూ కబురు చెప్పించాడు. చెప్పించాక మంత్రంలో ఒకచోట తడబడ్డాడు. ఇది నా పిరికితనమా, దేవుడి పనా అని ఒక్క క్షణం అనుకున్నాడు. గురువుగారి బండి గంటలు వినబడేసరికి ఆ ఆలోచన పక్కకు పోయింది.

మాట్లాడటం మొదలుపెట్టాక అన్నీ మరిచిపోయాడు. మొదట మంట ఉంది అన్నాడు. ఆ మంటను చూసిన మనిషి దానికి శుచ్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ వెలుగును బట్టి శుక్రుడన్నాడు, శుక్లమన్నాడు. మంట మలినాన్ని తిన్నది కనుక శుచి అన్నాడు. మంట మనసును తిన్నది కనుక శోకమన్నాడు. తర్వాతివాళ్లు కొమ్మల్ని చూసి రెండు చెట్లనుకున్నారు, వేరు తవ్వి చూస్తే ఒకటే. ఒక్కో మెట్టుకూ వేదంలోంచి ఆధారం చూపాడు. మిగతా పండితులు ముందుకు వంగారు.

అనంతాచార్యులు కళ్లు మూసుకొని విన్నాడు. చివరకు కళ్లు తెరిచి మెల్లగా అడిగాడు. "మంటకు వెలుగుంటది సింగరాచార్యా. శోకంలో వెలుగేది? దుఃఖం చీకటి కదా. మరి ఆ మాట మంటలోంచి ఎట్ల వచ్చింది?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. పన్నెండేళ్లుగా జవాబు సిద్ధంగా ఉంది. నోరు తెరిచాడు.

"అయ్యగారూ!"

ఈసారి కేక దూరంనుంచి కాదు. ఈదమ్మ రాతికంబం దాటి, వీధంతా దాటి, గుడి మొదటి మెట్టు దగ్గర నిలబడి ఉంది. కొంగు జారిపోయింది, రొప్పుతోంది. పెద్దలు దిగ్గున లేచారు. "ఏందే, నీ కండ్లకు కావరం పట్టిందా? అవతలికి పో!" అని పట్వారీ అరిచాడు. ఎవడో మట్టిపెడ్డ విసిరాడు. అది ఆమె భుజానికి తగిలి పగిలింది. ఇంకొకటి పడింది. ఆమె మోచెయ్యి అడ్డం పెట్టుకుందే తప్ప వెనక్కి పోలేదు.

"కొట్టుండ్రి, సంపుండ్రి! అయ్యగారూ, పోరి ఎగూపిరి దీస్తాంది. మీ కాల్మొక్త, రాండ్రి!"

సింగరాచార్యులు లేచాడు. గురువు అనుమతి అడగలేదు. చెప్పబోయిన జవాబు నోట్లోనే ఉండిపోయింది. మెట్లు దిగుతుంటే పైపంచె ఎగిరి ఈదమ్మ చేతికి తగిలింది. ఆమె చూసుకోలేదు, ఆయనా చూసుకోలేదు. నలభై అయిదేళ్ల మనిషి, ఊళ్లో ఎప్పుడూ వేగంగా నడిచి ఎరగనివాడు, వీధిలో పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు.

*

చూడమ్మ నేలమీద గోడకు ఆనుకొని పిల్లను ఒళ్లో పెట్టుకొని ఉంది. ఛాతీకి వాము కాచిన నూనె రాసి ఉంది. ఊపిరి తీసిన ప్రతిసారీ పిల్ల డొక్కలు లోపలికి పోతున్నాయి. ఆయన వాకిట్లో ఆగలేదు. గడప దాటి వచ్చి మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ చాచాడు.

"గోపమ్మా. బిడ్డా. నేను వచ్చిన."

పిల్ల కళ్లు తెరిచింది. చాచిన చేతుల్ని చూసింది. ఉన్న బలమంతా కూడగట్టుకొని తల్లి ఒళ్లోనే వెనక్కి జరిగింది.

"ముట్టకు బాపు" అంది. మాట గుసగుసగా వచ్చింది. "ఇంక కంకణం ఉన్నది."

"ఇప్పేస్త బిడ్డా, ఇగో, ఇప్పేస్తున్న." ముడి రాలేదు. లాగితే దారం తెగలేదు. పళ్లతో కొరికి తెంపాడు. పసుపు పెదవులకు అంటింది. తెగిన దారం చూసి గోపమ్మ భయపడింది. ఏడుపు వచ్చింది కానీ ఏడవడానికి ఊపిరి చాలలేదు.

"ఎల్లుండి అన్నవ్ గద... నీకు సల్లనీల్లు..."

చూడమ్మ ఇక ఆగలేదు. పిల్లను అలాగే ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన గుండెకు హత్తుకున్నాడు. ఒళ్లు నిప్పులా కాలుతున్నది. కానీ ఆ పిల్ల రోజూ ఒళ్లో పడే పిల్ల కాదు. రెండు పిడికిళ్లూ తన ఛాతీకే అదిమి పట్టుకుంది. మోచేతులు దగ్గరికి లాక్కుంది. ఆయన చేతుల్లో ఉండి కూడా ఆయనకు తగలకుండా ఉండాలని బిగుసుకుంది. మెడ నిలబెట్టి తలను ఆయన భుజానికి ఆనకుండా పట్టుకుంది. ఆయన చెవులు లాగిన చేతులు, నామం చెరిపిన చేతులు! సింగరాచార్యులు ఆ పిడికిళ్ల మీద ముఖం పెట్టి, "తగులు బిడ్డా, ఏం గాదు, తగులు" అని బతిమాలాడు. ఆ పిల్ల ఎప్పుడూ వాళ్ల బాపు మాట జవదాటలేదు. ఏ మాట నిలబెట్టాలో, ఏది వదిలెయ్యాలో ఆ చిన్న బుర్రకు ఎట్లా తెలుస్తుంది?

కాసేపటికి మెడ నిలవలేదు. తల వాలి ఆయన భుజం మీద ఆనింది.

"తగిలిన బాపు" అంది తప్పు చేసినదానిలా.

తర్వాత మాట్లాడలేదు. పొద్దు ఇంటి కప్పు దాటకముందే ఊపిరి ఆగిపోయింది. అప్పుడూ పిడికిళ్లు ఛాతీ మీదే ఉన్నాయి.

*

కబురు తెలిసి అనంతాచార్యులు వచ్చాడు. వెనకే పట్వారీ వచ్చాడు. ఇద్దరూ వాకిట్లో ఎడంగా నిలబడ్డారు. లోపల చూడమ్మ ఏడుపు ఎక్కువా తక్కువా కాకుండా ఒకే తీరున సాగుతోంది. సింగరాచార్యులు పిల్లను ఒళ్లో పెట్టుకొని గోడ వారగా కూర్చున్నాడు. ఎవరు అడిగినా దించలేదు.

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. శిష్యుడికి ఏది మేలో అదే చెప్పాలని వచ్చాడు.

"దైవం రాసింది నాయనా. నువ్వు దీక్షలో ఉన్నవాడివి. కంకణం తెగినా ప్రాయశ్చిత్తం చేసి మళ్ల కట్టొచ్చు. నీకు మైల లేదు. పిల్ల పసిది, పూడ్చేదే కాని కాల్చేది కాదు, ఆ పని వేరేవాళ్లు చూస్తరు. నువ్వు ఒక్క స్నానం చేసి వస్తె చాలు. స్వామి కల్యాణం ఆగకూడదు." ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించాడు. "సభ కూడా అట్లనే కూర్చుంది. నీ వాదం నేను ఒప్పుకుంటున్న. రెండూ ఒక్కటే. అందరి ముందర చెప్త. లే, స్నానం చేసి రా."

పన్నెండేళ్లుగా ఎదురుచూసిన మాట వాకిట్లోకి నడిచి వచ్చింది. సింగరాచార్యులు అది విన్నట్టే లేదు.

"నాకు మైల లేదా స్వామీ?"

"లేదు."

"నా బిడ్డ పోతె నాకు మైల లేదా?"

"శాస్త్రం ప్రకారం..."

"నాకు మైల కావాలె."

 సింగరాచార్యులు తల ఎత్తాడు. పెదవుల మీద పసుపు ఇంకా పోలేదు. దానం అడిగేవాడి గొంతుతో అన్నాడు. "ఒక్క దినమో, మూడు దినాలో, పది దినాలో, ఎంత ఉంటె గంత నాకు ఇయ్యుండ్రి. అది నా బిడ్డ స్వామీ. దాని మైలన్న నాది కావాలె. నాకు గదొక్కటే మిగిలింది."

 గురువు పట్వారీ భుజం పట్టుకొని వెనుదిరిగాడు. కల్యాణం తంతు ఆత్మకూరు నుంచి వచ్చినవాళ్లలో ఎవరో నడిపించారు.

వాగు ఒడ్డున సీతాఫలం చెట్ల మధ్య ఈదమ్మ పెనిమిటి జానయ్య గుంత తవ్వాడు. పిల్లను చేతులమీద వేసుకొని సింగరాచార్యులే వీధి పొడుగునా మోసుకొచ్చాడు. దారిలో జనం ఎప్పటిలా తప్పుకున్నారు. ఈసారి తప్పుకున్నది ఎవరి మైల ఎవరికి తగులుతుందనో వాళ్లకే తెలియదు. గుంత దగ్గర చాలాసేపు దించలేకపోయాడు. జానయ్య పార ఆనుకొని, ముఖం అటు తిప్పుకొని నిలబడ్డాడు.

"అయ్యగారూ, బాంచెన్, పొద్దుగూకుతాంది" అన్నాడు చివరికి.

గుంతలో ఉప్పు పోసి, పసుపు చల్లి, ఆయనే దిగి పిల్లను పడుకోబెట్టాడు. మన్ను కప్పాక వెంట వచ్చినవాళ్లంతా వాగులోకి దిగి మునిగారు. ఆయన దిగలేదు. ఒంటికి అంటిన మట్టితో అలాగే ఇంటికి నడిచాడు.

చూడమ్మ దొడ్లో పొయ్యి రాజేసి పెద్ద కాగులో నీళ్లు పెట్టింది. ఆ ఇంట్లో ఆయన స్నానానికి వేడినీళ్లు కాచడం అదే మొదలు. ఆయన దొడ్లోకి వచ్చి తుమ్మమొద్దు మీద కూర్చున్నాడు. ఆమె చెంబు ముంచుకొని వచ్చింది. ఆయన ముఖంలోకి చూడలేదు. చూస్తే తాను ఏమంటుందో ఆమెకే భయంగా ఉంది.

"నీల్లు కాగినయి. పోసుకోండ్రి."

"ఒద్దు."

"ఒళ్లంత మన్నున్నది. పోసుకోకుంటె ఇంట్లకెట్ల వస్తరు?"

"ఇంట్లకు రాను." ఆయన ఎడమ భుజం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "వాము నూనె వాసన. ఇక్కడ. దాని తల ఆనిన జాగ. నీల్లు పోసుకుంటె పోతది."

చూడమ్మ ఆ భుజం వైపు చూసింది. ఈ మనిషిని తాను ఎప్పటికీ క్షమించదు. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు. కానీ గోపమ్మ పడుకున్న దుప్పటిని, తొడుక్కున్న పరికిణీని, తలకింది మెత్తను నాగులమ్మ అప్పుడే మైలబట్టలని ఉతకడానికి పట్టుకుపోయింది. ఇంట్లో పిల్ల వాసన ఇంకెక్కడా మిగల్లేదు.

ఆమె చెంబు కింద పెట్టి ఆయన పక్కన నేలమీద కూర్చుంది. ఆయన భుజానికి ముఖం ఆనించి, కళ్లు మూసుకొని, గట్టిగా ఊపిరి పీల్చింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. పొయ్యి మీది నీళ్లు అలాగే చల్లారిపోయాయి.